తయారీదారు గడిలో ఎవరి పేరు? సొంతంగా కట్టిన పడవలు, బండ్ల పన్నూ రిజిస్ట్రేషనూ

కొత్త బండి రిజిస్ట్రేషన్ ఫైలులో మూడు ఫారాలు ముఖ్యం. ఫారం 20 యజమాని పెట్టుకునే దరఖాస్తు. ఫారం 21 డీలరు ఇచ్చే సేల్ సర్టిఫికెట్. ఫారం 22 తయారుచేసిన కంపెనీ ఇచ్చే ధ్రువపత్రం. బండి నిబంధనల ప్రకారమే తయారైందని, రోడ్డెక్కడానికి తగినదని కంపెనీ అందులో హామీ ఇస్తుంది. ఛాసిస్ నంబరు మీద కాగితం పెట్టి పెన్సిలుతో రుద్ది, ఆ అచ్చును దరఖాస్తుకు అంటించే తంతు బండి కొన్నవాళ్లలో చాలామందికి తెలిసిందే. ఇప్పుడు ఆ బండిని ఏ కంపెనీ చేయలేదు, ఏ డీలరూ అమ్మలేదు, వెల్డింగ్ షెడ్డులో యజమానే చేసుకున్నాడనుకుందాం. అతను ఫారం 20 ఒక్కటే నింపగలడు. ఫారం 21లో పేరు రాయడానికి అమ్మినవాడు లేడు. ఫారం 22 మీద సంతకం పెట్టే కంపెనీ లేదు. పెన్సిలుతో రుద్దుదామంటే ఛాసిస్ మీద నంబరే లేదు.

పన్ను చట్టం అమ్మకం కోసం వెతుకుతుంది, రిజిస్ట్రేషన్ చట్టం తయారీదారు కోసం వెతుకుతుంది. ఒకే మనిషి చేసేవాడూ వాడేవాడూ అయినప్పుడు ఈ రెండూ దొరకవు. ఆ ఖాళీని వేర్వేరు దేశాలు ఎలా పూడ్చుకున్నాయి, మన దగ్గర రోడ్డుకూ నీటికీ జవాబు ఎందుకు వేరుగా ఉంది అన్నదే ఈ వ్యాసంలోని ప్రశ్న. ఆధారాలు చట్టాలు, నిబంధనలు, దరఖాస్తు ఫారాలు, కోర్టు తీర్పులు. ఇవి నియమం ఏమిటో గట్టిగా చెబుతాయి. ఆచరణ గురించి చెప్పేది తక్కువ. కాబట్టి ఆచరణ విషయంలో ఇక్కడ చేసిన అనుమానాలను అనుమానాలుగానే తీసుకోవాలి.

ముందు పన్ను సంగతి. మన జీఎస్టీ పడేది సరఫరా మీద. 2017 నాటి సీజీఎస్టీ చట్టం 7వ సెక్షన్ ప్రకారం, వ్యాపారంలో భాగంగా ప్రతిఫలం పుచ్చుకుని వస్తువును మరొకరికి ఇస్తే మామూలుగా అది సరఫరా. పెరట్లో తన కోసం పడవ కట్టుకున్న మనిషి ఎవరికీ ఏమీ సరఫరా చేయలేదు, కనుక పూర్తయిన పడవ మీద జీఎస్టీ లేదు. అలాగని అతను పన్నుకు దొరకలేదనీ కాదు. ప్లైవుడ్డు, రెజిను, ఇనుప రేకు కొన్నప్పుడే 18 శాతం చొప్పున కట్టేశాడు. జీఎస్టీ నంబరున్న వ్యాపారి కాడు గనుక ఆ డబ్బు వెనక్కి రాదు. పన్ను పడనిది అతని సొంత కష్టం మీద మాత్రమే.

సొంతంగా కట్టుకుంటే పన్ను మిగులుతుందనే మాట ఇక్కడే తేడా కొడుతుంది. 2025 సెప్టెంబరు 22 నుంచి అమలవుతున్న రేట్ల ప్రకారం చేపల వేట పడవ మీద జీఎస్టీ 5 శాతం, తెడ్లతో నడిపే చిన్న పడవలు, కనూల మీద 18 శాతం, షికారుకు వాడే యాట్‌ల మీద 40 శాతం. ఒక ఊహా లెక్క వేద్దాం. పడవకు పట్టే సామగ్రి లక్ష రూపాయలది, దాని మీద పన్ను 18,000. అదే పడవను యార్డులో చేయించి కొంటే పన్ను కాక ధర 1,80,000 అనుకుందాం. యాట్ అయితే 72,000 పన్ను పడుతుంది, సొంతంగా కట్టుకున్నవాడికి 54,000 మిగులు. కనూ అయితే యార్డు బిల్లులో పన్ను 32,400, ఇక్కడా సొంత కష్టమే లాభం. చేపల వేట పడవ దగ్గరికొచ్చేసరికి లెక్క తిరగబడుతుంది. యార్డు బిల్లులో పన్ను 9,000 మాత్రమే, యార్డు తను సామగ్రి మీద కట్టిన 18,000ను ఇన్‌పుట్ క్రెడిట్‌గా చూపించుకుంటుంది. సొంతంగా నావ కట్టుకున్న మత్స్యకారుడికి మాత్రం 18,000 పోయినట్టే. పన్ను రాయితీ ఎవరి కోసం పెట్టారో, వాళ్లలో తన చేత్తో కట్టుకున్నవాడికే అది పూర్తిగా అందడం లేదు.

ఈ లెక్కకు రెండు మినహాయింపులున్నాయి. చేపల వేట పడవకు బిగించే మెరైన్ ఇంజిన్‌ను పడవ భాగంగానే చూసి 5 శాతం వేయాలని 2018 ఆగస్టులో పరోక్ష పన్నుల బోర్డు సర్క్యులర్ ఇచ్చింది. ఇంజిన్ వరకూ సొంతంగా కట్టుకునేవాడికీ ఆ మేలు దక్కుతుంది. రెండోది, ఊళ్లో పడవలు కట్టే మేస్త్రీలందరికీ జీఎస్టీ నంబరు ఉండదు. వస్తువుల వ్యాపారానికి ఆంధ్రప్రదేశ్‌లో టర్నోవరు పరిమితి 40 లక్షలు, తెలంగాణలో 20 లక్షలు. ఆ లోపు ఉండి రిజిస్ట్రేషన్ తీసుకోని మేస్త్రీకి క్రెడిట్ రాదు, అతను సామగ్రి మీద కట్టిన పన్ను ధరలోనే కలిసిపోతుంది. అప్పుడు పై తేడా చాలావరకు మాయమవుతుంది. కనుక ఈ వైరుధ్యం జీఎస్టీ పరిధిలో ఉన్న యార్డుతో పోల్చినప్పుడే గట్టిగా కనిపిస్తుంది.

అమెరికాలో సేల్స్ ట్యాక్స్ రాష్ట్రాల చేతిలో ఉంది. అక్కడ సొంతంగా కట్టుకునేవాళ్లను ఆ పన్ను కంటే దాని వెనకే వచ్చే యూజ్ ట్యాక్స్ ఎక్కువ ఇబ్బంది పెడుతుంది. వాషింగ్టన్ రాష్ట్రంలో అమ్మకం పన్ను ఉంది, కొలంబియా నది దాటి ఆరెగాన్‌లోకి వెళితే లేదు. అవతలి ఒడ్డున కలప కొని ఇవతల పడవ కడితే, ఇక్కడ వాడినందుకు అంతే పన్ను కట్టమని వాషింగ్టన్ అడుగుతుంది. ఇలా అడిగే హక్కు రాష్ట్రానికి ఉందని 1937లోనే అమెరికా సుప్రీంకోర్టు తేల్చింది. అడగడం వేరు, రాబట్టడం వేరు. మామూలు సామాను విషయంలో ఆ పన్నును తమంతట తాము కట్టేవాళ్లు తక్కువ. పడవకో బండికో మాత్రం నంబరు కావాలి, నంబరు కోసం కౌంటరు దగ్గరికి రాక తప్పదు, అక్కడ రసీదులు అడుగుతారు. 2018లో సౌత్ డకోటా కేసు తీర్పుతో పొరుగు రాష్ట్రాల ఆన్‌లైన్ అమ్మకందారుల చేత కూడా పన్ను వసూలు చేయించే వీలు రాష్ట్రాలకు వచ్చింది. దాంతో తెప్పించుకున్న సామగ్రిలో చాలాభాగానికి పన్ను ముందే పడిపోతోంది. ఇంకో తేడా కూడా చెప్పుకోవాలి. సొంతంగా కట్టిన పడవను ఎప్పుడో ఒకసారి పొరుగువాడికి అమ్మితే మన దగ్గర అది వ్యాపారం కాదు, జీఎస్టీ రాదు. అమెరికాలో చాలా రాష్ట్రాలు కొన్నవాడు పేరు మార్పించుకునేటప్పుడు పన్ను తీసుకుంటాయి.

పన్ను కంటే గుర్తింపు విషయంలో అమెరికా చేసిన ఏర్పాటు మనకు ఎక్కువ ఆసక్తికరం. 1972 నవంబరు నుంచి అక్కడ పడవలకు హల్ గుర్తింపు సంఖ్య తప్పనిసరి. ఇప్పటి పద్ధతిలో అది 12 అక్షరాలు, అంకెల వరస. మొదటి మూడూ తయారీదారు సంకేతం, తర్వాతి అయిదూ వరస సంఖ్య, చివరి నాలుగూ నెల, సంవత్సరం, మోడల్ ఏడాది చెబుతాయి. అమ్మకానికి కాక తన వాడకానికి కట్టుకున్నవాడికి తయారీదారు సంకేతం ఉండదు. అందుకని ఆ మూడు స్థానాల్లో రాష్ట్రం పేరు పొడి అక్షరాలు రెండు, వాటి పక్కన జెడ్ వేసి రాష్ట్రమే నంబరు ఇస్తుంది. వాషింగ్టన్‌లో కట్టిన పడవ సంఖ్య డబ్ల్యూఏజెడ్ అని మొదలవుతుంది. ఆ సంఖ్యను పడవ వెనక పలక మీద కుడివైపు, పై అంచు నుంచి రెండంగుళాల లోపు, పావు అంగుళానికి తగ్గని ఎత్తుతో చెక్కాలి. అదే సంఖ్యను పడవ లోపల బయటికి కనిపించని చోట మరోసారి వేయాలి. దొంగ పైనున్న నంబరు గీకేసినా లోపలిది మిగలాలనే ఆ ఏర్పాటు. తయారీదారు గడి ఖాళీగా ఉందని దరఖాస్తును తిప్పి పంపకుండా ఆ గడిలో రాష్ట్రమే కూర్చుంది. నిబంధన చిన్నదే అయినా నాకు ఇందులో చాలా తెలివి కనిపిస్తుంది.

యూరప్ ఇంకో దారి పట్టింది. ఐరోపా సమాఖ్యలో షికారు పడవల భద్రతా ప్రమాణాల ఆదేశం నుంచి సొంత వాడకానికి కట్టుకున్న పడవకు మినహాయింపు ఉంది, కాకపోతే వాడకం మొదలైన నాటి నుంచి అయిదేళ్ల దాకా దాన్ని మార్కెట్లో పెట్టకూడదు. ముందే అమ్మాలంటే పూర్తయిన పడవకు మళ్లీ మదింపు చేయించాలి. నీ ప్రాణం మీద నీకున్న హక్కును ఒప్పుకుంటాం, కొనేవాడి ప్రాణం మీద కాదు అన్నది దాని తర్కం. సొంత వాడకం పేరుతో యార్డు పెట్టి వరసగా అమ్ముకునేవాళ్లకు కూడా ఇది అడ్డుకట్ట.

రోడ్డు మీద వ్యవహారం ఇంత సులువు కాదు. పడవ మునిగితే ముందు మునిగేది దాని యజమాని. బండికి బ్రేకు పడకపోతే ఎదురుగా వచ్చేవాడు పోతాడు. అందుకే ఉదారంగా ఉన్న దేశాలు కూడా బండికి తనిఖీ పెట్టాయి. బ్రిటన్‌లో సొంతంగా చేసుకున్న కారును ఒక్కదాన్నే పరీక్షించి ఆమోదించే పద్ధతి ఉంది, ప్రస్తుత రూపంలో అది 2009 నుంచి నడుస్తోంది. పాత విడిభాగాల వయసు తేలకపోతే క్యూ అక్షరంతో మొదలయ్యే నంబరు ఇస్తారు. దాన్ని చూడగానే పోలీసుకూ కొనేవాడికీ ఇది అతుకుల బండి అని తెలిసిపోతుంది. కాలిఫోర్నియాలో ప్రత్యేకంగా నిర్మించిన వాహనం అనే వర్గమే ఉంది. అక్కడ నంబరు తనిఖీ, బ్రేకులు లైట్ల పరీక్ష జరుగుతాయి, ఇంజిన్, ఫ్రేము లాంటి పెద్ద భాగాల బిల్లులు చూపించాలి. బిల్లులు పన్ను కట్టారని చూడటానికే కాదు, ఆ ఇంజిన్ దొంగ బండిలోంచి ఊడదీసింది కాదని తేల్చుకోవడానికి కూడా. పొగ విషయంలో అక్కడొక విచిత్రమైన సర్దుబాటు ఉంది. ఏటా మొదట వచ్చిన 500 బండ్లకు మాత్రం, బండి ఆకారం ఏ పాత మోడల్‌ను పోలి ఉందో దాన్ని బట్టో, ఇంజిన్ ఏ ఏడాదిదో దాన్ని బట్టో ఆనాటి పొగ ప్రమాణమే వర్తిస్తుంది. ఆకారం దేన్నీ పోలి లేకపోతే 1960 మోడల్‌గా లెక్క. గాలిని కాపాడటానికి ఒక సంఖ్య గీసి, ఆ గీత లోపల అభిరుచికి చోటిచ్చారు.

మన చట్టంలో ఇలాంటి కిటికీ లేదు. 1988 మోటారు వాహనాల చట్టం 2(28) సెక్షన్‌లోని నిర్వచనం చాలా విశాలం. రోడ్డు మీద వాడకానికి అనువుగా చేసిన, యంత్రంతో నడిచే ఏ వాహనమైనా మోటారు వాహనమే. ఫ్యాక్టరీలోనో, ప్రహరీ గోడల లోపలో మాత్రమే వాడటానికి చేసిన ప్రత్యేక వాహనాలు అందులోకి రావు. నాలుగు చక్రాల కంటే తక్కువుండి 25 సీసీ దాటని ఇంజిన్ ఉన్నవీ రావు. నిర్వచనంలోకి వచ్చిన ప్రతి బండికీ 39వ సెక్షన్ కింద రిజిస్ట్రేషన్ తప్పనిసరి. రిజిస్ట్రేషన్‌కు ఫారం 22 కావాలి. ఫారం 22 ఇవ్వాలంటే 1989 కేంద్ర నిబంధనల్లోని 126వ నిబంధన ప్రకారం నమూనా బండిని పుణెలోని ఏఆర్‌ఏఐ లాంటి గుర్తింపు పొందిన సంస్థ పరీక్షించి ఉండాలి. వేల సంఖ్యలో బండ్లు చేసే కంపెనీకి ఆ ఖర్చు ఒక్కో బండి మీద కొద్దికొద్దిగా పడి ఇట్టే సర్దుకుంటుంది. ఒక్క బండి చేసుకున్నవాడికి బండి ఖరీదును మించిపోయే భారం. చట్టం ఇంట్లో బండి చేసుకోవద్దని ఎక్కడా సూటిగా అనలేదు. పరీక్ష పెట్టిన తీరు వల్లే ఆ తలుపు మూసుకుపోయింది.

మూసేస్తే తయారీ ఆగిందా? ఉత్తర భారత పల్లెల్లో నీటి పంపు ఇంజిన్‌ను చెక్క బండికి బిగించి నడిపే జుగాడ్‌లు జవాబులో ఒక భాగం. రాజస్థాన్ ఆర్టీసీ కక్షిదారుగా ఉన్న కేసులో 2013 మేలో సుప్రీంకోర్టు, జుగాడ్ కూడా చట్టం దృష్టిలో మోటారు వాహనమేనని, రిజిస్ట్రేషన్, బీమా లాంటి షరతులు పాటించకుండా తిరగడానికి వీల్లేదని తేల్చింది. తీర్పు చట్టం ప్రకారం సరైనదే. ఆ షరతులు పాటించే మార్గం మాత్రం జుగాడ్ యజమానికి లేదు. రిజిస్ట్రేషన్ లేని బండికి థర్డ్ పార్టీ బీమా దొరకడం కష్టం. బీమా లేకపోతే అది గుద్దినవాడికి పరిహారం యజమాని జేబులోంచే రావాలి, ఆ జేబులో ఏముంటుందో ఊహించవచ్చు. నిషేధం భారంలో కొంత బాధితుడి మీదే పడుతోందని అనడానికి ఇంత తర్కం చాలు. ఎంత భారం అనేది ప్రమాదాల లెక్కలతోనే తేలాలి, నియమాల పాఠంతో తేలదు.

2021 డిసెంబరులో మహారాష్ట్ర సాంగ్లీ జిల్లా దేవరాష్ట్రే గ్రామంలో ఒక కమ్మరి పాత ఇనుముతో సుమారు 60,000 రూపాయల్లో చిన్న జీపులాంటిది చేశాడు. స్కూటరులా కాలితో తన్ని స్టార్ట్ చేసే ఆ బండి వీడియో దేశమంతా తిరిగింది. పారిశ్రామికవేత్త ఆనంద్ మహీంద్రా మెచ్చుకుంటూనే, నిబంధనలకు విరుద్ధం కనుక అధికారులు ఎప్పుడో ఒకప్పుడు దీన్ని ఆపేస్తారని, దానికి బదులు ఒక బొలేరో ఇస్తానని రాశారు. మరుసటి నెలలో ఇచ్చారు కూడా. కథ సుఖాంతమే. కానీ ఆ పరిష్కారం ఒక పారిశ్రామికవేత్త దయతో వచ్చింది, దాన్ని మరో ఊరి కమ్మరి ఆసరాగా చేసుకోలేడు.

2019 సవరణ తర్వాత శిక్షలు కూడా పెరిగాయి. నిర్మాణ నిబంధనలకు విరుద్ధంగా వాహనం అమ్మిన తయారీదారుకు 182ఎ సెక్షన్ కింద ఏడాది దాకా జైలు, లేదా బండికి లక్ష రూపాయల చొప్పున జరిమానా, లేదా రెండూ. అనుమతి లేని మార్పు చేసిన యజమానికి ఆరు నెలల దాకా జైలు, లేదా మార్పుకు 5,000 చొప్పున జరిమానా, లేదా రెండూ. వాహనాల తయారీలో నిమగ్నమైన వ్యక్తిని తయారీదారు అంటుంది చట్టం. జీవితంలో ఒక్క బండి చేసుకున్నవాడు నిమగ్నమైనట్టా? నా అంచనాలో ఆ మాటలు వృత్తిగా చేసేవాళ్లను ఉద్దేశించినవి, అయితే వ్యతిరేక వాదనకూ చోటుంది. ఉన్న బండినే మార్చుకుందామంటే అదీ కుదరదు. తయారీదారు మొదట చెప్పిన వివరాలకు భిన్నంగా మార్చకూడదన్న 52వ సెక్షన్‌ను 2019 జనవరిలో కేరళ నుంచి వచ్చిన కేసులో సుప్రీంకోర్టు గట్టిగా సమర్థించింది.

మిగిలిన సందులు రెండు. ఒకటి బ్యాటరీ బండి. మోటారు సామర్థ్యం 250 వాట్ల లోపు, వేగం గంటకు 25 కిలోమీటర్ల లోపు, బ్యాటరీ కాక బరువు 60 కిలోల లోపు ఉండి, గుర్తింపు పొందిన పరీక్షా సంస్థ ఆ సంగతి ధ్రువీకరిస్తే నిబంధనల ప్రకారం అది మోటారు వాహనం కాదు. రెండోది ప్రహరీ లోపల. మన ఇంజినీరింగ్ కాలేజీల విద్యార్థులు బాజా అనే బండ్ల తయారీ పోటీలకు చేసుకెళ్లే బండ్లు నంబరు లేకుండా పరుగెత్తగలిగేది అక్కడ ట్రాకు ప్రజల రోడ్డు కాదు గనుకనే. పన్ను విషయంలోనూ ఈ గీత ఉంది. విశాఖ స్టీల్‌ప్లాంటు డిస్పాచ్ యార్డు లోపల మాత్రమే తిరిగిన 36 వాహనాల మీద వసూలు చేసిన 22,71,700 రూపాయల మోటారు వాహన పన్నును వెనక్కి ఇవ్వాలని 2025 ఆగస్టు 29న సుప్రీంకోర్టు ఆదేశించింది. 1963 నాటి ఆంధ్రప్రదేశ్ పన్ను చట్టం బహిరంగ స్థలంలో వాడే వాహనాల మీదే పన్ను వేస్తుందని, గోడ కట్టి గేటు పెట్టిన యార్డు బహిరంగ స్థలం కాదని కారణం చెప్పింది. అవి కంపెనీలు చేసిన బండ్లే. అయినా తన తోటలోనో చెరువు గట్టు లోపలో తిరగడానికి చిన్న బండి చేసుకున్న రైతుకు ఆ తర్కం పనికొస్తుంది. గేటు దాటి రోడ్డెక్కనంత వరకే సుమా.

ఇక నీళ్లు. నదుల్లో తిరిగే వాటికి 1917 చట్టం స్థానంలో 2021 అంతర్దేశీయ నౌకల చట్టం వచ్చింది, 2022 జూన్ 7న అమల్లోకి వచ్చింది. యంత్రంతో నడిచే పడవ కట్టే ముందే నమూనాకు అనుమతి తీసుకోవాలి, కట్టాక సర్వే చేయించాలి, తర్వాత రిజిస్ట్రేషన్. తెడ్డుతోనో గడతోనో నడిపే వాటి పేర్లు స్థానిక సంస్థల స్థాయిలోనే నమోదు చేయించుకునే ఏర్పాటు ఉంది. కంపెనీ సంతకమే కావాలన్న పట్టు ఇందులో లేదు. ఎవరు కట్టినా సరే, సర్వేయరు చూసి ఒప్పుకోవాలి. గోదావరిలో నావకు చిన్న ఇంజిన్ బిగించిన రోజున ఆ నావ వర్గం మారిపోతుంది, గీత ఆ ఇంజిన్ దగ్గరే ఉంది. 2019 సెప్టెంబరు 15న దేవీపట్నం మండలం కచ్చులూరు దగ్గర మునిగిన పర్యాటక బోటు సొంతంగా కట్టుకున్న పడవల కోవలోది కాదు, దాన్ని ఇక్కడ సాక్ష్యంగా వాడటం న్యాయం కాదు. ఆ దుర్ఘటన తర్వాత బోట్ల మీద నిఘా బిగిసిందని, ఆ బిగింపు చిన్న నావలవాళ్లకూ తగిలి ఉండవచ్చని మాత్రం అనుకోవచ్చు.

సముద్రంలో వేటకు వెళ్లే పడవల సంగతి వేరే చట్టాలు చూస్తాయి. 2008 ముంబై దాడికి ఉగ్రవాదులు ఒక చేపల పడవను హైజాక్ చేసి వచ్చిన తర్వాత పడవల నమోదు దేశమంతటా బిగిసింది, దరఖాస్తులు రియల్‌క్రాఫ్ట్ అనే కేంద్ర ఆన్‌లైన్ వ్యవస్థలోకి చేరాయి. పోలీసు భయం ఒకవైపు ఉన్నా, ఆంధ్ర తీరంలో నంబరు వేయించుకోవడానికి ఇంకో బలమైన కారణం ఉంది. లీటరుకు 9 రూపాయల డీజిల్ రాయితీ నంబరున్న పడవకే వస్తుంది. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధ కాలంలో ఇచ్చే భృతి కూడా అంతే. ఆ భృతి 2025లో 10,000 నుంచి 20,000 రూపాయలకు పెరిగింది. రోడ్డు బండి విషయంలో ప్రభుత్వం అడగడమే గానీ ఇచ్చేది ఏమీ లేదు, దారి కూడా లేదు. వేట పడవకు దారి ఉంది, దారి చివర కొంత డబ్బూ ఉంది. నమోదు ఎక్కువగా జరగడానికి ఈ రెండింటిలో ఏది అసలు కారణమో పత్రాలు చూసి విడదీయలేం. రెండూ కలిసి పనిచేస్తున్నాయన్నంత వరకే ధైర్యంగా అనగలను.

126వ నిబంధనకు ఒక్క బండి పరీక్ష అనే చిన్న ఉపనిబంధన చేర్చి, వేగానికి పరిమితి పెట్టి, బ్రిటన్‌లోలా వేరుగా తెలిసే నంబరిచ్చి, అమ్మకానికి యూరప్‌లోలా అయిదేళ్ల గడువు పెడితే రోడ్డు బండికీ దారి పడుతుంది. బ్రేక్ ఇన్‌స్పెక్టర్ల మీద పనిభారం పెరుగుతుందన్న అభ్యంతరం నిజమైనదే, అందుకు ఫీజు వేయవచ్చు. వేట పడవ సామగ్రి మీద పన్ను తేడాకు ఇంకా సులువైన మార్గముంది. పడవకు నంబరు పడిన రోజున సామగ్రి బిల్లులు చూసి, 5 శాతానికి మించి కట్టిన పన్నును వాపసు ఇవ్వడమే. బిల్లు అడిగి తీసుకునే అలవాటు లేనివాడికి మాత్రం ఇది అందదు.

నంబరు లేకపోవడం వల్ల వచ్చే నష్టం పడవ యజమానితో ఆగదు. నిషేధ కాలపు భృతి పడవ మీద పనిచేసే కలాసీలకు కూడా వస్తుంది, అయితే వాళ్ల పేర్లు ఆ పడవ నంబరు కిందే నమోదవుతాయి. నిషేధం మొదలయ్యాక మత్స్యశాఖ సిబ్బంది రేవుకు వచ్చి పడవలు లెక్కపెట్టుకుంటారు. నంబరు లేని నావ ఆ జాబితాకు ఎక్కదు. దాని మీద ఏడాదంతా వేటకు వెళ్లిన కలాసీకి నావ కట్టడంలోనూ, కాగితాలు పెట్టడంలోనూ, పెట్టకపోవడంలోనూ ఏ ప్రమేయమూ లేదు. అయినా అతని పేరూ జాబితాకు ఎక్కదు.